పన్నెండు–పదమూడు పానా

తుంగతుర్తిలో సూర్యాపేటకు పోవు బాట వెంబడి రేకుల కప్పు క్రింద నడచు మెకానిక్కు దుకాణములలో దేనికి పోయినను మొదట కంటబడునది నూనె పట్టి నల్లబడిన ఒక ఇనుప తట్ట. అందులో డీజిలు తడికి మెరయుచు అడ్డదిడ్డముగా పడియున్న పానాల పోగు. మోటారుసైకిలు ప్రక్కన గొంతుకూర్చున్న మేస్త్రీ తల యెత్తకయే చేయి వెనుకకు చాచి, “తమ్మీ, పన్నెండు–పదమూడు ఇయ్యిరా” అనును. పని నేర్చుకొనుచున్న కుఱ్ఱవాడు ఆ పోగులో వ్రేళ్ళాడించి, అంకెలు చదువకయే, చేతికి అలవాటైన బరువును బట్టియు పొడుగును బట్టియు కావలసినదానిని ఏరి ఆ చాచిన చేతిలో పెట్టును. రెప్పపాటులో ముగిసిపోవు ఆ ఇచ్చిపుచ్చుకోలులో మూడు ఖండముల చరిత్ర ఇమిడియున్నది.

ఆ పానాను గుడ్డతో తుడిచి వెలుతురున పట్టి చూడుడు. జానకు కొంత తక్కువైన ఉక్కు పలక. రెండు కొనలయందును తెరచిన నోళ్ళు. ఒక నోటిచెంత 12 అనియు, రెండవదానిచెంత 13 అనియు అచ్చు. రెండింటికిని భేదము ఒక్క మిల్లీమీటరు. ఇంత స్వల్పమైన భేదమునకు రెండు నోళ్ళేల యని అడిగినచో, దానికి బదులు తుంగతుర్తిలో లేదు. ఎనిమిది మిల్లీమీటర్ల కాడ గల బోల్టునకు జర్మనులు పదమూడు మిల్లీమీటర్ల తల పెట్టుచున్నారు. అదే కాడకు జపాను మోటారు వాహనముల తయారీదారులు పన్నెండు మిల్లీమీటర్ల తల పెట్టుచున్నారు. కాడ ఒకటే, మర ఒకటే. తల మాత్రము వేఱు. 1983 చివర మారుతి కారును, ఆ వెనువెంటనే హీరోహోండా మొదలగు మోటారుసైకిళ్ళును జపాను నమూనాలతో మన దేశమున బయలుదేరిన తరువాత, ఆ పన్నెండవ నంబరు నోరు పల్లెపల్లెకును నిత్యావసరమయ్యెను. మేస్త్రీ చేతిలోని ఆ ఉక్కు ముక్క ఒక కొన జపాను, రెండవ కొన జర్మనీ.

పనిముట్ల పరిమాణములు ప్రకృతి నిర్ణయించినవి కావు. చెట్టునకు ఆకుల అమరిక ఉన్నట్లు, నీటికి మరుగు బిందువు ఉన్నట్లు, నట్టునకు సహజమైన కొలత యనునది లేదు. ఎవరో కొందరు ఎక్కడనో కూర్చుండి ఇట్లుండవలెనని ఒప్పుకొనిరి. మరికొందరు మరొకచోట మరొకవిధముగా ఒప్పుకొనిరి. పానా నోటిపై కనబడు అంకె అట్టి ఒప్పందపు శాసనాక్షరము. రాగిరేకుల శాసనములను మనము శ్రద్ధతో చదువుచున్నాము. ఉక్కు శాసనములను చదువుటకును అంత శ్రద్ధ వహింపవలెనని నా అభిప్రాయము.

అంగుళమను మాటలోనే వ్రేలున్నది. కౌటిల్యుని అర్థశాస్త్రము ఎనిమిది యవధాన్యపు గింజల నడిమి వెడల్పు ఒక అంగుళమనియు, లేదా మధ్యప్రమాణము గల పురుషుని నడిమి వ్రేలి మధ్యభాగపు వెడల్పు అంగుళమనియు నిర్వచించినది. ఇంగ్లండు దేశమునందును పూర్వము మూడు యవల గింజలను పొడవునకు వరుసగా పేర్చి ఒక అంగుళమనిరి. గింజ రెండు చోట్లను ఒకటియే; మనవారు అడ్డముగా పేర్చిరి, వారు నిలువుగా పేర్చిరి. ఇంతకంటె ఆశ్చర్యమేమనగా, ఆ అర్థశాస్త్రమే సామాన్యమైన హస్తమునకు ఇరువదినాలుగు అంగుళములని చెప్పి, వడ్రంగులకును రంపపు పనివారికిని నలువదిరెండు అంగుళముల కిష్కువు అనియు, అడవిలో కలప కొలుచుటకు ఏబదినాలుగు అంగుళముల హస్తమనియు వేఱువేఱు మానములను ఏర్పరచినది. ఒక రాజ్యములోనే, ఒక గ్రంథములోనే, వృత్తికొక మూర! నేటి మన పానాల గందరగోళమునకు వంశవృక్షము వ్రాయదలచినచో అక్కడినుండియే మొదలుపెట్టవచ్చును.

ఐనను ఆ కాలమున ఈ భేదము ఎవరికిని బాధ కలిగింపలేదు. ఊరి కొలిమిలో కమ్మరి గొడ్డలి చేసినప్పుడు దాని కన్నమునకు సరిపడు కామను వడ్రంగి బాడిసతో చెక్కి బిగించెడివాడు. ఆ గొడ్డలికి ఆ కామయే జత. నాగలి కర్రు అరిగినచో అదే కమ్మరి దానిని సాగగొట్టి ఇచ్చెడివాడు. ఒకచోట చేసిన వస్తువు వేయి క్రోసుల దూరమున, ఎన్నడును చూడని మరొక వస్తువులో దూరి బిగియవలెనను అక్కర అప్పుడు లేదు. ఆ అక్కరను తెచ్చిపెట్టినది మర. మరలో మర దూరవలెనన్నచో చుట్టునకు చుట్టునకు మధ్య ఎడము సరిపోవలెను, చుట్టుయొక్క వాలు సరిపోవలెను, కాడ మందము సరిపోవలెను; మూడింటిలో ఏ ఒక్కటి తప్పినను రెండు చుట్లు తిరిగి పట్టుకొనిపోవును.

ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్తు అను యంత్రనిర్మాత ఈ చిక్కును 1841లో విప్పబూనెను. అప్పటికి అక్కడ కర్మాగారమునకొక మర. ఆయన పెక్కు కర్మాగారములనుండి బోల్టులను తెప్పించి, కొలిచి, వాటి సగటును తీసి, మరచుట్ల కోణము 55 డిగ్రీలుండవలెననియు, పావు అంగుళపు కాడకు అంగుళమునకు 20 చుట్లు, అర అంగుళపు కాడకు 12 చుట్లు ఉండవలెననియు నిర్ణయించెను. రైళ్ళు, ఓడలు, మగ్గములు, వాటివెంట విట్‌వర్తు మర ఆంగ్లేయుల ఏలుబడి యున్న ప్రతి దేశమునకును చేరెను. 1864లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున విలియం సెల్లర్సు అను నాతడు మరియొక మరను ప్రతిపాదించెను. 55 డిగ్రీల కోణమును, గుండ్రని శిఖరమును చెక్కుటకు నేర్పరి కావలెను. 60 డిగ్రీలనగా సమబాహు త్రిభుజము, దానిని ఎవరైనను సులభముగా గీయగలరు, శిఖరమును చదునుగా కోసినచో చాలునని ఆయన వాదము. పావు అంగుళమునకు ఇరువురును 20 చుట్లే చెప్పిరి. అర అంగుళమునకు మాత్రము ఆంగ్లేయుని లెక్క 12, అమెరికనుని లెక్క 13. ఆ ఒక్క చుట్టు ప్రపంచమును ఎనుబది సంవత్సరములకు పైగా రెండుగా చీల్చినది.

రెండవ ప్రపంచయుద్ధమునందు ఆ చీలిక ఎంత బరువైనదో తెలిసివచ్చినది. రోల్సురాయిసు వారి మెర్లిన్ విమానయంత్రమును అమెరికాలో ప్యాకర్డు కర్మాగారమున చేయ మొదలిడినప్పుడు, ఆంగ్ల మరలు కోయు పనిముట్లు ఆ దేశమున దొరకక, వాటిని ప్యాకర్డు వారే స్వయముగా తయారుచేసికొనవలసి వచ్చెను. యుద్ధము ముగిసిన పిదప 1948 నవంబరులో ఇంగ్లండు, అమెరికా, కెనడా దేశములు కూడి 60 డిగ్రీల ఏకీకృత మరకు ఒప్పుకొన్నవి. అంగుళము విషయమునందును అంతే: ఆంగ్లేయుల అంగుళము 25.4 మిల్లీమీటర్లకు వెండ్రుకవాసిలో వేయవ వంతు తక్కువ, అమెరికనులది అంతకంటెను కొంచెము ఎక్కువ. 1959లో ఆరు దేశములు కలిసి సరిగా 25.4 మిల్లీమీటర్లే అంగుళమని నిశ్చయించినవి. అనగా నేడు అంగుళమునకు స్వతంత్రమైన ఉనికి లేదు. మీటరు ఆధారముననే అది బ్రతుకుచున్నది.

విట్‌వర్తు పానాలలో ఇంకొక చిక్కు కలదు. దానిని నేను చిన్ననాడే చేతులు కాల్చుకొని తెలిసికొంటిని. ఆ కాలపు పానాపై అచ్చువేసిన అంకె నోటి వెడల్పు కాదు. ఆ నోరు పట్టు బోల్టు కాడ మందము. మూడు ఎనిమిదింటి అంగుళమని వ్రాసియున్న విట్‌వర్తు పానా నోరు నిజమునకు 18 మిల్లీమీటర్లు. మా బావిమీద ఒక ఆయిలింజను ఉండెడిది. అట్టి ఇంజనులు లిస్టరు అను ఆంగ్ల నమూనాపై రాజకోట వంటి చోట్ల తయారై మన పల్లెలకు వచ్చెడివి. వాటి మరలు విట్‌వర్తు మరలు. ఒకనాడు నీళ్ళు పారుచుండగా ఇంజను ఆగిపోయినది. ఇంటిలో ఉన్న పదునారవ నంబరు పానాను ఒక నట్టునకు తగిలించి, కొంచెము వదులుగా ఉన్నను బలము చాలునని తలచి, నేను బిగపట్టి లాగితిని. పానా జారినది; నా పిడికిలి ఇంజను దిమ్మెకు తగిలి తోలు లేచినది; నట్టు మూలలు అరిగి గుండ్రనైనది. మరునాడు సూర్యాపేటనుండి వచ్చిన వృద్ధ మేస్త్రీ ఆ నట్టును బొటనవ్రేలితో తడిమి చూచి, “గిది రెండున్నర సూతు నట్టు బిడ్డా, మిల్లీమీటరు పానా దీనికి పట్టదు” అని, తన సంచిలోనుండి పాత అంగుళపు పానా నొకదానిని తీసెను. రెండున్నర సూతులనగా అంగుళములో పదునారింట అయిదు వంతులు. దాని విట్‌వర్తు నట్టు వెడల్పు 15.24 మిల్లీమీటర్లు. నా పానాకును ఆ నట్టునకును నడుమనున్న సందు మిల్లీమీటరులో ముప్పాతిక.

ముప్పాతిక మిల్లీమీటరు అంత పని ఎట్లు చేసినదో రేఖాగణితము చెప్పగలదు. ఆరు పలకల నట్టులో ఎదురెదురు పలకల నడుమ దూరముకంటె ఎదురెదురు మూలల నడుమ దూరము నూటికి పదునయిదున్నర వంతులు ఎక్కువ. కావున పానా నోరు నట్టుకంటె పదునయిదున్నర వంతులు పెద్దదైనచో నట్టు దానిలో గిఱ్ఱున తిరుగును, ఎన్నటికిని పట్టుబడదు. అంతకు తక్కువ సందున్నచో, పానా కొంత కోణము వట్టిగా తిరిగి, ఆ మీదట మూలలను పట్టుకొనును. పదమూడు పానాను పన్నెండు తలపై పెట్టినచో ఆ వట్టి తిరుగుడు దాదాపు 10 డిగ్రీలు. పదునేడు పానాను పదునారు తలపై పెట్టినచో 7 డిగ్రీలు. నేను చేసిన తప్పులో అయిదున్నర డిగ్రీలు. సరియైన పానా పలకనంతటిని హత్తుకొని బలమును పంచిపెట్టును. వదులు పానా ఆ బలమునంతటిని రెండు మూలల గీతలపై మోపును. గీతకు వైశాల్యము లేదు గనుక ఒత్తిడి మితిమీరి, ఉక్కు లొంగిపోయి, మూల నలిగిపోవును. నట్టు పాతదగుట గాని, తుప్పు పట్టుట గాని ఇందుకు మూలకారణము కాదు.

ఇక ట్రాక్టరుల సంగతి. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరులో పునాదిరాయి పడి, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలిన పిమ్మట, ఎడమ కాలువ క్రింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతముల మెట్టలు మాగాణులైనవి. మాగాణుల వెంట ట్రాక్టరులు, ట్రాక్టరుల వెంట మరమ్మతు కొట్టములు వచ్చినవి. తుంగతుర్తి మెట్టభూములకు కాలువ నీరు చాల ఆలస్యముగా అందినదే గాని, యంత్రములు బావుల ఆధారముననే వచ్చినవి. మన దేశపు ట్రాక్టరుల పుట్టుకలను చూచినచో ఒక చిన్న ప్రపంచపటమే కనబడును. 1959లో ఫరీదాబాదున మొదలైన ఐషరుకు మూలము జర్మనీ. మద్రాసులో టాఫే సంస్థ చేసిన మాస్సీ ఫెర్గుసనునకు మూలము ఇంగ్లండు. 1963లో మహీంద్రా వారు చేయి కలిపినది అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టరుతో. హెచ్.ఎం.టి. వారు 1970ల ఆరంభమున తెచ్చుకొన్న జెటారు చెకోస్లొవేకియాది. 1974లో పంజాబున వెలువడిన స్వరాజ్, దుర్గాపురము పరిశోధనాలయమున మనవారే రూపొందించిన నమూనా. ఒకే కొట్టములో ఒకనాడు అంగుళపు బోల్టుల మాస్సీ, మరునాడు మిల్లీమీటర్ల స్వరాజ్ వచ్చి నిలిచినచో, మేస్త్రీ తన పానాల సంచిని మాత్రమే గాక తన బుద్ధిని కూడ మార్చుకొనవలసి యుండును. ఆ మార్పును అతడు ఏ పాఠశాలయందును నేర్వలేదు. చేతి అనుభవముననే నేర్చెను. మూడు వంతుల అంగుళపు పానాయు పందొమ్మిది మిల్లీమీటర్ల పానాయు ఒకటే యని అతనికి తెలియును; వాటి భేదము మిల్లీమీటరులో ఇరువదవ వంతు. తొమ్మిది పదునారింటి అంగుళమును పదునాలుగు మిల్లీమీటర్లును ఒకటి కావనియు తెలియును; అక్కడ నోరు ఎక్కనే ఎక్కదు.

మన దేశము 1956లో తూనికల, కొలతల ప్రమాణముల చట్టము చేసి, 1958 అక్టోబరునుండి మెట్రిక్కు పద్ధతిని దశలవారీగా అమలుపరచినది. దానితో చిక్కులన్నియు తీరునని చాలమంది తలచిరి. మీటరును ఒప్పుకొనుట వేఱు, ప్రమాణమును ఒప్పుకొనుట వేఱు. మీటరును ఒప్పుకొన్నవారందరును మిల్లీమీటరెంతయో ఒప్పుకొనిరే గాని, పది మిల్లీమీటర్ల బోల్టునకు తల ఎన్ని మిల్లీమీటర్లుండవలెనో ఒప్పుకొనలేదు. జర్మనుల పాత ప్రమాణము దానికి 17 ఇచ్చినది. జపాను వాహనములవారు బరువును, చోటును ఆదా చేయుటకై 14 పెట్టిరి. 1982లో అంతర్జాతీయ ప్రమాణసంస్థ 16 అని నిర్ణయించినది. పన్నెండు మిల్లీమీటర్ల బోల్టునకు ఇదే వరుసలో జర్మనీ 19, జపాను 17, అంతర్జాతీయము 18. ఇప్పుడు ఒక బోల్టు తలను కొలిచి 17 అని తెలిసికొన్నంత మాత్రమున దాని కాడ ఎంత మందమో చెప్పలేము. జర్మను బోల్టైనచో కాడ పది, జపాను బోల్టైనచో కాడ పన్నెండు. పదిమిల్లీమీటర్ల కాడను పన్నెండుదానికి తగిన బలముతో బిగించినచో అది తెగిపోవును. మన బజారులో పదిమిల్లీమీటర్ల బోల్టులు 16 తలతోను, 17 తలతోను, రెండు విధములను దొరకుచున్నవి. ఒకే చక్రమునకు రెండు రకములు బిగించి పంపిన కొట్టములను నేను చూచియున్నాను.

మన దుకాణములలో అమ్ము పానాల జతలను ఇప్పుడు మరల చూడుడు: ఆరు–ఏడు, ఎనిమిది–తొమ్మిది, పది–పదునొకండు, పన్నెండు–పదమూడు, పదునాలుగు–పదునయిదు, పదునారు–పదునేడు, పదునెనిమిది–పందొమ్మిది, ఇరువది–ఇరువదిరెండు. పన్నెండు–పదమూడులో జపాను, జర్మనీ. పదునారు–పదునేడులో అంతర్జాతీయ సంస్థ, జర్మనీ. పదునెనిమిది–పందొమ్మిదిలో మరల ఆ ఇరువురే. వరుస అంకెలను జతపరచుటలో ఎవరును దౌత్యమును తలచియుండరు గాని, ఆ జతల వలననే మన మేస్త్రీ ఏ దేశపు బండి వచ్చినను ఒక పానాను తిరగవేసి పని నడుపుకొనుచున్నాడు. తిరగవేయుటలో ఇంకొక సొగసు కలదు. పానా నోరు పిడికి సూటిగా ఉండదు; పదునయిదు డిగ్రీలు ప్రక్కకు వంగియుండును. ఇరుకుచోట నట్టును ముప్పది డిగ్రీలు త్రిప్పి, పానాను బోర్లించి తగిలించినచో మరల ముప్పది డిగ్రీలు తిరుగును. ఆరు పలకల నట్టునకు ఒక పలక అంతరము ఆ రెండు ఊపులతో పూర్తియగును. ఏ దేశపు పానాలోనైనను ఆ వంపు కనబడును. దేశములు భిన్నమైన అంకెలను వ్రాసినవి గాని, మనుష్యుని మణికట్టు అన్నిచోట్లను ఒక్కటియే.

తీగెల విషయము క్లుప్తముగా చెప్పెదను. సూర్యాపేట, కోదాడలలోని మోటారు వైండింగు దుకాణములలో తీగెను గేజి అంకెతో అడుగుదురు; అంకె పెరిగినకొద్ది తీగె సన్నబడును, ఏలయన ఆ అంకె మొదట తీగెను ఎన్ని రంధ్రములగుండ లాగిరో తెలుపు లెక్క. 1884లో ఇంగ్లండున శాసనబద్ధమైన గేజి ప్రకారము ఇరువదవ నంబరు తీగె మందము 0.914 మిల్లీమీటర్లు, అమెరికా గేజి ప్రకారము అదే ఇరువది 0.812. అంకె చూచి ఒకదానికి బదులుగా రెండవది చుట్టినచో రాగి అడ్డుకోత అయిదింట ఒక వంతు తగ్గి, నిరోధము పెరిగి, మోటారు వేడెక్కును. స్క్రూగేజితో కొలిచి చుట్టుటయే క్షేమము.

గొట్టముల సంగతి ఇంతకంటె విచిత్రము. మీటరును పుట్టించిన ఫ్రాన్సులో సైతము నీటి గొట్టముల మర నేటికిని విట్‌వర్తు మరయే. మన కుళాయిలకు బిగించు అరంగుళపు గొట్టములో అర అంగుళమెక్కడను లేదు. వెలుపలి వ్యాసము 21.3 మిల్లీమీటర్లు, లోపలిది అందుకు తగినట్లు తక్కువ. అమెరికా గొట్టమునకును అంగుళమునకు 14 చుట్లే, మనకును 14 చుట్లే. కోణము మాత్రము వారికి 60, మనకు 55. ఒకదానిలో ఒకటి ఎక్కి బిగిసినట్లే తోచును. నీరు వదలినప్పుడు చెమ్మగిల్లును. పానాల పెట్టెలోని రాచెట్టు పిడికి సాకెట్లను తగిలించు చదరపు మేకు కూడ లోకమంతటను అంగుళపు లెక్కయే, సాధారణముగా అర అంగుళము. మెట్రిక్కు పత్రములలో దానిని 12.5 అని వ్రాయుదురు గాని, కొలిచినచో అది 12.7కు చేసినదే.

తుంగతుర్తి వడ్రంగి కొట్టములో ఈ కలగలుపు పరాకాష్ఠను పొందినది. పలక నిడివి వెడల్పులు ఎనిమిది నాలుగు అడుగులు. దాని మందము పదునెనిమిది మిల్లీమీటర్లు. దానికి కొట్టు మేకు రెండంగుళములు. బిగించు మరమేకు నంబరు లెక్క. ఇనుప కడ్డీల దుకాణమున మూడు సూతుల కడ్డీ యని అడిగినచో పది మిల్లీమీటర్లది ఇత్తురు, నాలుగు సూతులన్నచో పన్నెండుది. సూతనగా అంగుళములో ఎనిమిదవ వంతు, సూత్రమను మాటకు వికృతి. మూడు సూతులు లెక్కకు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు. వ్యవహారములో మాట నిలిచినది, వస్తువు మారినది. భూమిని ఇప్పటికిని ఎకరములు, గుంటలుగానే లెక్కించుచున్నాము. ముప్పదిమూడు అడుగుల గొలుసును నలుప్రక్కల పరచినచో గుంట, ఆ గొలుసునకు పదునారు అణాలు. అణాలు నాణెములలో 1957లోనే పోయినవి. గొలుసు జ్ఞాపకము గుంటలో మిగిలినది.

మరమేకుల విప్పుడుకోలలో కూడ ఇట్టి భేదమున్నదని చాలమందికి తెలియదు. నాలుగు చీలికల తల గల మరమేకులలో 1930లలో అమెరికాలో హెన్రీ ఫిలిప్సు ప్రచారములోనికి తెచ్చినది ఒకటి. జపానువారి ప్రమాణము వేఱొకటి. పైకి చూచినచో రెండును ఒక్కటే ‘ప్లస్సు’. ఫిలిప్సు కోల బలము మించినప్పుడు వాలు గోడలవెంట పైకి లేచివచ్చును. జపాను మరమేకు గాడికి ఆ కోల అడుగువరకు అందదు. కార్బురేటరు గిన్నె మరమేకుల తలలు మన ప్రాంతమున అంతగా చెడిపోవుటకు కారణమిదియే. పనివాని మోటుతనము కాదు. పాత జపాను బండ్లలో తలపై చిన్న చుక్క యున్న మరమేకు కనబడినచో అది ఆ దేశపు ప్రమాణమునకు గుర్తు.

ఏ కొలతకైనను సరిపడునట్లు నోరు జరుగు పానాను స్వీడను దేశమున జోహాన్ పెట్టర్ జోహాన్‌సన్ అను నాతడు 1890ల తొలినాళ్ళలో నేటి రూపమునకు తెచ్చెను. దానికి దేశదేశములలో పెట్టిన పేర్లు వినదగినవి: డెన్మార్కువారు స్వీడను తాళపుచెవి యందురు, ఇటలీవారును స్పెయినువారును ఇంగ్లీషు తాళపుచెవి యందురు, గ్రీకులు ఫ్రెంచి తాళపుచెవి యందురు. తమది కాదని ప్రతివారును ఒప్పుకొన్న పనిముట్టు అదొక్కటియే కాబోలు. అన్నిటికిని సరిపోవు ఆ పానాను నిపుణుడైన మేస్త్రీ తప్పనిసరియైనప్పుడే చేపట్టును. జరుగు నోటికి సందు తప్పదు, సందునకు నట్టు మూలలు బలి.

తెలంగాణనుండి గల్ఫు దేశములకు ఫిట్టర్లుగా పోయిన యువకులు అక్కడి చమురు గొట్టముల వద్ద ముప్పాతిక అంగుళపు బోల్టును చూచి, దాని బరువు నట్టునకు ఒకటింబావు అంగుళపు పానా కావలెనని మొదటి దినమున తికమకపడుదురు. చమురు పరిశ్రమ అమెరికా ప్రమాణముల వెంట నడచుటయే దానికి కారణము. ఇక్కడ ఐ.టి.ఐ.లో ఒక్క పుట పట్టిక చదివియున్నచో ఆ తికమక ఉండదు. అట్టి పట్టిక తెలుగులో, గోడకు వ్రేలాడదీయదగిన అక్షరములతో, కాడ మందమొక వరుస, జర్మను తల యొకటి, జపాను తల యొకటి, అంతర్జాతీయ తల యొకటి, విట్‌వర్తు వెడల్పు యొకటిగా అచ్చువేసి, ప్రతి ఫిట్టరు తరగతిలోను, ప్రతి పనిముట్ల దుకాణములోను ఉంచవలెనని ఉపాధ్యాయులను, వర్తకులను వేడుకొనుచున్నాను. ఇది ఒక కాగితపు ఖర్చు.

పాఠకులకును ఒక్క మాట. మీ యింట ట్రాక్టరు గాని, పంపుసెట్టు గాని, పాత మోటారుసైకిలు గాని ఉన్నచో, ఏ నట్టునకు ఏ పానా పట్టినదో మేస్త్రీ పని చేయునప్పుడే అడిగి, ఆ అంకెను బండి పుస్తకపు అట్ట లోపల వ్రాసి యుంచుడు.